నలుగురూ అనుకుంటే...

'నలుగురూ ఏమనుకుంటారో!'

ఈ మాట వినబడని తెలుగిల్లు ఉండదు. పెళ్లి పంక్తిలో గారెలు చాలకపోయినా ఇదే బెంగ, అబ్బాయి ఉద్యోగం మానేసి ఇంటికొచ్చినా ఇదే భయం. ఇంతకీ ఆ నలుగురూ ఎవరు? పేర్లు చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. వాళ్లకు ఇంటి నంబరు లేదు, రేషన్ కార్డు లేదు. అయినా వాళ్ల తీర్పంటే అందరికీ హడలే. తమాషా ఏమిటంటే, మనం వాళ్లకు భయపడుతున్న వేళలోనే పక్కింటివారి లెక్కలో ఆ నలుగురిలో మనమూ ఒకళ్లం.

ఇంట్లో 'నలుగురు' అనుకునేదాన్నే రాజకీయాల్లో 'ప్రజాభిప్రాయం' అంటారు. ఎన్నికలు దగ్గరపడితే దానికోసం సర్వేలు చేయిస్తారు, టీవీల్లో గంటలకొద్దీ చర్చలు పెడతారు. అవన్నీ కాటాల్లాంటివి. మార్కెట్ యార్డుకు వచ్చిన ధాన్యాన్ని తూస్తాయి. ధాన్యం పండింది మాత్రం యార్డులో కాదు కదా! ఆ పంట పండే పొలాలు వేరే ఉన్నాయి. టీకొట్టు ముందు బల్ల, సెలూన్‌లో వంతు కోసం కూర్చున్న కుర్చీలు, వీధి కుళాయి, నాట్లు వేసే మడి, షేర్ ఆటో, ఆసుపత్రి వరండా.

అక్కడ 'నా అభిప్రాయం ఏమిటంటే' అని ఎవరూ మొదలుపెట్టరు. 'ఈ నెల మాకు కందిపప్పు ఇవ్వలేదు' అంటుంది ఒకావిడ. వెనకాల నిలబడ్డావిడ 'మాకూ ఇవ్వలేదు వదినా' అంటుంది. మొదటావిడ మాటలో 'మాకు'. రెండో ఆవిడ మాటలో 'మాకూ'. తేడా ఒక్క దీర్ఘం. కానీ ఆ దీర్ఘం పడేదాకా అది ఒక ఇంటి గొడవ. పడ్డాక అది ఊరి గొడవ. ఇస్తారా ఇవ్వరా అని డీలరును అడగాలన్న ఆలోచన పుట్టేది ఆ దీర్ఘం దగ్గరే.

ఇంత చిన్న విషయానికి ఇంత పెద్ద పేరా అనుకుంటారేమో. ఒక దీర్ఘం ఎంత దూరం పోగలదో మన రాష్ట్రం ఒకసారి కళ్లారా చూసింది.

దూబగుంట పాఠం

1990వ దశకం మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు రాత్రిళ్లు పలకా బలపం పట్టుకుని బడికి వచ్చేవారు. అప్పటికి సారా అమ్మే హక్కును ప్రభుత్వం ఏటా వేలం వేసేది. పాడుకున్న కాంట్రాక్టరు పెట్టుబడి రాబట్టుకోవాలి కనుక ప్యాకెట్లను పల్లెపల్లెకూ చేర్చేవాడు. తాగునీటికి మైలు దూరం నడవాల్సిన ఊళ్లలో కూడా సారా గుమ్మం ముందుకే వచ్చేది. మగవాడి కూలి డబ్బులు ఇంటికి చేరకముందే దుకాణానికి చేరేవి. తర్వాత ఇంట్లో ఏం జరిగేదో చెప్పనక్కర్లేదు.

ఇది ఏ ఇంట్లోనూ రహస్యం కాదు. గోడ ఇవతల ఏడుపు గోడ అవతలికి వినబడుతూనే ఉండేది. అయినా ఎవరికి వారు 'నా తలరాత' అనుకున్నారు. మొగుడు తాగి కొట్టాడని బయట చెప్పుకుంటే పరువు తక్కువ. మళ్లీ అదే నలుగురి భయం! ఆ నలుగురిళ్లలోనూ అదే జరుగుతోందని పైకి అనుకునే చోటు మాత్రం లేదు.

రాత్రిబడి ఆ చోటు ఇచ్చింది. వాచకంలో తాగుడు వల్ల కుదేలైన సంసారాల గురించి, ఆడవాళ్లు ఏకమైతే ఏమవుతుందన్న దాని గురించి పాఠాలు ఉన్నాయి. పాఠం చదివాక దాని మీద మాట్లాడుకోవాలి, అది ఆ చదువులో భాగం. పాఠంలోని మనిషి గురించి మాట్లాడటానికి పరువు అడ్డం రాదు. ఆమె గురించి మొదలైన మాట, కాసేపటికి తమ గురించి అయింది. 'మా ఇంట్లోనూ ఇంతే', 'మా ఇంట్లోనూ ఇంతే'. దీర్ఘం మీద దీర్ఘం పడింది.

కలిగిరి మండలంలోని దూబగుంటలో ఆడవాళ్లు కట్టగట్టుకుని వెళ్లి ఊళ్లో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు ఆ తర్వాత రాష్ట్రమంతా 'దూబగుంట రోశమ్మ'గా మారుమోగింది. ఇక్కడితో ఆగితే అది ఒక ఊరి ముచ్చట. దూబగుంట కథ తర్వాతి వాచకంలో పాఠమైంది. ఆ పాఠం వేరే ఊళ్ల రాత్రిబడుల్లో చదివారు. 'వాళ్లు చేయగా లేనిది మనమెందుకు చేయలేం?' అన్న ప్రశ్న పుట్టింది. మాట పాఠమై, పాఠం మళ్లీ మాటై ఊరు దాటి ఊరికి పాకింది. 1992లో నెల్లూరులో వేలంపాటలు జరగనివ్వకుండా ఆడవాళ్లు అడ్డుకున్నారు. పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. పత్రికలు వార్తలు రాశాయి, మహిళా సంఘాలు, పార్టీలు వచ్చి చేరాయి.

ఆ వరస గమనించండి. పత్రికలు ముందు రాస్తే ఆడవాళ్లు కదిలారని కాదు. ఆడవాళ్లు ముందు మాట్లాడుకున్నారు, తర్వాత కదిలారు, ఆ తర్వాతే పత్రికలకూ పార్టీలకూ వినబడింది. వినబడ్డాక పత్రికలు ఆ మాటను ఇంకో పది జిల్లాలకు మోశాయి. మోసినవారి గొప్ప తక్కువేమీ కాదు, కానీ మూట కట్టింది వేరేవాళ్లు.

1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం చేసిన వేదిక మీదే మద్య నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ నిషేధం అమల్లోకి వచ్చింది. ఆ ఎన్నికల గెలుపంతా ఆ ఒక్క హామీ వల్లేనని ఎవరూ అనరు, కిలో రెండు రూపాయల బియ్యం మాట కూడా పక్కనే ఉంది. కానీ వందల కోట్ల ఆదాయాలకు అలవాటుపడ్డ ఖజానా ఒక రాత్రిబడి మాటకు తలవంచడం చిన్న సంగతి కాదు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆదాయం పోయిందని, దొంగ మద్యం ఆగడం లేదని ప్రభుత్వం చెప్పింది. ప్రజాభిప్రాయం ఒకసారి గెలిచి దాచుకునే పతకం కాదని తెలిసింది. అది ఏటా వేయాల్సిన పంట. ఒక ఏడాది బీడు పెడితే కలుపు మొలుస్తుంది.

రేడియో ఒకటే, తీర్పులు రెండు

జనం మాటకున్న బలం రాజులకు మొదట్నుంచీ తెలుసు. ఇంగ్లండులో రెండో చార్లెస్ రాజు 1675 డిసెంబర్‌లో కాఫీ దుకాణాలన్నీ మూసేయాలని ప్రకటన చేశాడు. అక్కడ కూర్చుని జనం ప్రభుత్వం గురించి లేనిపోనివి మాట్లాడుతున్నారని ఆయన కోపం. ఊరంతా గగ్గోలెత్తింది. ప్రకటన అమల్లోకి రావాల్సిన రోజుకు ముందే వెనక్కి తీసుకున్నాడు. ఒక కప్పు కాఫీ కిరీటాన్ని గెలిచిందనే అనుకోవాలి.

1940లో అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే పండితుడు తన బృందంతో ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో నెలల తరబడి ఓటర్లను కలిశాడు. ఒకే మనుషుల్ని మళ్లీ మళ్లీ అడిగారు. రేడియో, పత్రికలు ఓటర్ల మనసు మార్చేస్తాయని చాలామంది అనుకుంటున్న రోజులవి. తీరా చూస్తే, ఆఖరు నిమిషంలో మనసు మార్చుకున్నవాళ్లలో చాలామంది పక్కవాడి మాట వల్లే మారారు. పత్రిక చదివే అలవాటున్న ఒకాయన చదివింది నలుగురికీ చెబుతాడు, ఆ నలుగురూ ఆయన మీద నమ్మకంతో వింటారు. మన ఊళ్లలో ఈ పరిశోధన అక్కర్లేకుండానే జరిగిపోయేది. టీకొట్టులో పేపరు ఒకటే వచ్చేది. ఒకాయన గట్టిగా చదివేవాడు, మిగతావాళ్లు వినేవాళ్లు. చదివినంతసేపు కంటే దాని మీద వాదన ఎక్కువసేపు నడిచేది.

మన దేశంలోనే ఇంకా గట్టి ఉదాహరణ ఉంది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. పత్రికల మీద సెన్సారు పెట్టారు. రేడియో ప్రభుత్వానిది. అంటే దేశమంతా చదివింది ఒకటే, విన్నది ఒకటే. 1977 ఎన్నికల్లో ఏమైంది? ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో, బీహార్‌లోని 54 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు. రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ స్వయంగా ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42లో 41 కాంగ్రెస్‌వే. నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే జనతా తరఫున గెలిచారు.

రేడియోనే జనం మనసును తయారుచేసేట్టయితే రెండు చోట్లా ఒకే ఫలితం రావాలి. ఉత్తరాదిలో బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల బాధ ఇళ్లదాకా వచ్చింది. పేపర్లో రాని సంగతి పొలం గట్టు మీద నడిచింది, బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడు నడిచింది. ఇక్కడ అంత బాధ లేదు, ఆ మాటా అంతగా లేదు. తీర్పులు వేరయ్యాయి. జనం ఎవరికి ఏం జరిగిందో దాన్ని బట్టి మాట్లాడుకున్నారు, మాట్లాడుకున్నదాన్ని బట్టి ఓటేశారు. ఇందులో పాలకులకు ఒక హెచ్చరిక ఉంది. పత్రిక నోరు మూస్తే జనం మాట ఆగదు, అది పాలకుడి చెవిన పడటం మాత్రం ఆగిపోతుంది.

అయిదు గంటల రైలు ప్రయాణం

అయితే జనం ఎప్పుడూ మనసులో మాట పైకి అంటారా? అనరు. జర్మనీలో ఎలిజబెత్ నోయెల్-నోయ్‌మన్ అనే ఆవిడ సర్వేల్లో ఒక చిత్రమైన ప్రశ్న వేసేది. 'మీరు అయిదు గంటలు రైల్లో ప్రయాణం చేయాలి. మీ పెట్టెలో ఒకరు ఫలానా సంగతి గురించి గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు. మీరు వారితో మాట కలుపుతారా, ఊరుకుంటారా?' తమ పక్షం బలపడుతోందని అనుకున్నవాళ్లు మాట కలుపుతామన్నారు. తమది తగ్గుతోందనుకున్నవాళ్లు ఊరుకుంటామన్నారు. ఊరుకున్నకొద్దీ ఆ పక్షం ఇంకా చిన్నదిగా కనబడుతుంది, దాంతో ఇంకొందరు ఊరుకుంటారు. 1974లో ఆమె దీనికి మౌనపు సుడి అన్న అర్థం వచ్చే పేరు పెట్టింది.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం చేసినవాళ్లెవరికైనా ఇది కొత్త కాదు. 'ఎందాకండీ?' అని మొదలవుతుంది. తర్వాత 'ఏ ఊరండీ?', ఆపైన ఇంటిపేరు, ఆపైన ఎదుటివారు ఎవరో కూపీ లాగే ప్రశ్నలు. అవన్నీ తేలాకే రాజకీయం. గాలి ఎటుందో చూసుకుని తెరచాప ఎత్తడం మనకు అలవాటే. పెట్టెలో ఎనిమిదిమంది ఉంటే ఇద్దరు అరుస్తారు, ఆరుగురు కిటికీలోంచి చూస్తారు. దిగిపోయేటప్పుడు ఆ ఆరుగురూ 'అందరూ అలాగే అనుకుంటున్నారు' అనుకుంటూ దిగుతారు.

నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం ప్రజాస్వామ్యానికి చేసే హాని ఇది. సారా విషయంలో నెల్లూరు ఆడవాళ్లు ఏళ్ల తరబడి కిటికీలోంచి చూసిన ఆ ఆరుగురే. తాము ఎక్కువమందిమన్న సంగతి వాళ్లకే తెలియదు. రాత్రిబడి వాళ్లకు ధైర్యం నేర్పిందని అంటాం. దానికంటే ముందు అది వాళ్లకు లెక్క నేర్పింది. ఎంతమందిమో తెలిశాక ధైర్యం దానంతటదే వచ్చింది.

నోటికి తోచింది కాదు

నలుగురు కలిసి మాట్లాడుకుంటే ఎప్పుడూ మంచే జరుగుతుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో రాముడు భద్రుణ్ని అడుగుతాడు, ఊళ్లో జనం ఏమనుకుంటున్నారని. వీధుల్లో, కూడళ్లలో అనుకుంటున్నది అతను చెబుతాడు. సీత అడవి పాలవుతుంది. జనం మాట విన్న రాజుగా రాముణ్ని పొగిడేవారు ఉన్నారు, తప్పుపట్టేవారూ ఉన్నారు. ఆ వాదన ఎలా ఉన్నా ఒక్కటి మాత్రం నిజం. ఏ మాట వల్ల ఆమె బతుకు మారిపోయిందో, ఆ మాట నడిచిన కూడలిలో సీత లేదు. జవాబు చెప్పే అవకాశం ఆమెకు రాలేదు.

అభిప్రాయానికీ పుకారుకూ మధ్య గీత అక్కడే ఉంది. ఎదురు మాట రాగల చోట పుట్టింది అభిప్రాయం. రాలేని చోట పెరిగింది పుకారు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారంటూ సెల్‌ఫోన్లలో సందేశాలు దేశమంతా తిరిగాయి. ఊరికి కొత్తగా కనబడ్డ పాపానికి అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రైన్‌పాడాలో అయిదుగుర్ని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి పెట్టింది. రచ్చబండ మీద 'నువ్వు చూశావా?' అని ఒక ముసలాయన అడిగితే పుకారు నీరుగారిపోయేది. ఫోన్లో ఆ ముసలాయన లేడు. వచ్చింది వచ్చినట్టు ముందుకు తోసేయడమే. అందులో మాట ఉంది, మాట్లాడుకోవడం లేదు.

'నువ్వు చూశావా?' అన్న ఆ ప్రశ్ననే పద్ధతిగా మార్చుకున్నవాళ్లున్నారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబర్‌లో ఊళ్లలో బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. కరువు పనుల్లో కూలి సరిగా ఇవ్వడం లేదని జనం ఎప్పట్నుంచో గొణుక్కుంటున్నారు. 'తిన్నారట', 'మింగారట' అన్న ఆ 'ట'లతో ఏ అధికారీ బెదరడు. వీళ్లు మస్టర్లు, బిల్లులు సంపాదించి ఊరి మధ్యలో గట్టిగా చదివారు. చదువుతుంటే జనమే లేచి ఏది నిజమో ఏది కాదో చెప్పారు. ఆరోపణ వచ్చినవాళ్లకూ అక్కడే జవాబు చెప్పుకునే వీలుంది. ఆ ఊరి సభల నుంచి పెరిగిన ఉద్యమం 2005లో సమాచార హక్కు చట్టం రావడానికి ఒక ముఖ్య కారణమైంది.

ఆ పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అదే ఏడాది నుంచి మన రాష్ట్రంలో ఆ పనుల మీద సామాజిక తనిఖీలు జరిపించారు. కాగితంలో ఉన్నదాన్ని ఊరి ముందు చదివి, చేసిన పనితో, అందిన కూలితో సరిచూడటమే తనిఖీ. 'తిన్నారట' అన్న మాటలోంచి 'ట' తీసేయడానికి అదొక దారి. కాగితం తోడొస్తే 'ట' రాలిపోతుంది, లేదా అభియోగమే రాలిపోతుంది. రెండూ మంచివే.

ఇప్పుడు మాట్లాడుకునేదెక్కడ?

ఒకప్పటి చోట్లు తగ్గిపోతున్నాయి. వీధి కుళాయి పోయి ఇంటింటికీ నీళ్లు వచ్చాయి, సంతోషమే. కరెంటు బిల్లు ఫోన్లోనే కట్టేస్తున్నాం, క్యూ తప్పింది. సెలూన్‌లో ఎవరి ఫోను వారు చూసుకుంటున్నారు. సౌకర్యాన్ని తప్పుపట్టలేం, నెత్తిన బిందె మోసినవాళ్లకు ఆ కుళాయి కబుర్లు గొప్పవని ఎవరు చెప్పగలరు? కానీ ఆ సౌకర్యంతో పాటు 'మాకూ' అనేవాళ్లు పక్కన లేకుండా పోయారు. బిల్లు ఎక్కువొస్తే ఇప్పుడు టోల్‌ఫ్రీ నంబరుకు చెప్పుకుంటాం. అక్కడి గొంతు మన ఫిర్యాదు రాసుకుంటుంది. పక్కింటివారికీ ఎక్కువొచ్చిందో లేదో ఆ గొంతు మనకు చెప్పదు.

రాజ్యాంగం ఊరికి గ్రామసభ ఇచ్చింది. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే. ఎన్నుకోబడనక్కర్లేదు, టికెట్ అక్కర్లేదు. అలాంటి సభకు వెళ్లి కూర్చోవడానికి మనకు తీరిక ఉండదు. పట్నాల్లో అపార్టుమెంటు సంఘం మీటింగుకే పదిమంది రారు. రాని తొంభైమందీ తర్వాత లిఫ్టులో విసుక్కుంటారు.

ప్రజాస్వామ్యంలో మన వంతు అయిదేళ్లకోసారి వేలి మీద సిరాచుక్కే అనుకుంటే మిగతా రోజులన్నీ వృథా. ఆ మిగతా రోజుల్లోనే అసలు పని ఉంది, దానికి ఖర్చు కూడా లేదు. మన బాధ ఒకరికి చెప్పాలి. ఎదుటివారి బాధ వింటే 'అయ్యో' అని ఊరుకోకుండా 'మాకూనండీ' అనాలి, నిజమైతేనే. విన్న మాట ఇంకొకరికి చెప్పేముందు 'మీరు చూశారా?' అని అడగాలి. ఎవరి గురించి మాట్లాడుతున్నామో వారి ముందు కూడా ఆ మాట అనగలమా అని చూసుకోవాలి. గదిలో అందరూ ఒకే మాట అంటున్నప్పుడు, మనకు అలా అనిపించకపోతే, నెమ్మదిగానైనా 'నాకలా అనిపించడం లేదండీ' అనాలి. మన పక్కన ఊరుకున్నవాళ్లలో ఒకరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటారు.

నలుగురూ ఏమనుకుంటారో అని కూర్చుంటే మనకు తెలిసేది ఏమీ ఉండదు. ఈ ఆదివారం వాళ్లనే అడిగి చూడండి. మీరు అడుగుతారేమోనని వాళ్లూ ఎదురుచూస్తూ ఉండొచ్చు.